ఆమ్రామ్‌కి ఆయాసం ఎక్కడ వస్తుంది?

డీసీఎస్ అనే యుద్ధవిమానాల సిమ్యులేటర్‌లో కొత్తగా ఎగరడం మొదలుపెట్టినవాళ్లు నన్ను తరచుగా అడిగేది ఒకటే: "అన్నా, మిసైల్ వచ్చేస్తుంటే చాఫ్ ఎంత వదలాలి?" నేనూ ప్రతిసారీ ఒకటే చెప్తాను. చాఫ్ అంటే రాడార్‌ని మోసం చేయడానికి విమానం వదిలే సన్నటి లోహపు పోగులు, వాటి సంగతి తర్వాత. ముందు ఆ మిసైల్ దగ్గర ఇంకా ఎంత వేగం మిగిలి ఉందో ఆలోచించండి.

ఎయిమ్-120 ఆమ్రామ్ అంటే విమానం నుంచి విమానం మీదికి వదిలే రాడార్ మిసైల్. దాంట్లో రాకెట్ మోటార్ మండేది కొన్ని సెకన్లే. ఆ కాస్త సమయంలో కూడబెట్టుకున్న వేగమే దాని ఆస్తి, ఆ తర్వాత ఉన్నదంతా ఖర్చే. మలుపు తిరిగితే ఖర్చు, దట్టమైన గాలిలోకి దిగితే ఇంకా ఖర్చు. నలభై వేల అడుగుల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గరి దాంట్లో దాదాపు పావు వంతే ఉంటుంది. దూరం నుంచి వదిలిన ఆమ్రామ్ ముందు పైకి లేచేది అందుకే. పలచటి గాలిలో దూరం గడిపేసి, అక్కడి నుంచి మీ మీదికి దిగుతుంది.

భీమవరం తమ్ముడొకడు నాతో కలిసి ఎగురుతుంటాడు. మొన్న సుఖుమి దగ్గర, నల్ల సముద్రం మీద, అవతలివాడు చాలా దూరం నుంచి వీడి ఎఫ్-16 మీదికి ఆమ్రామ్ వదిలాడు. వీడు కంగారుపడకుండా ముక్కు కిందికి దించి, పక్కకి తిరిగి, తర్వాత పూర్తిగా వెనక్కి తిప్పేశాడు. ఆట అయ్యాక, ఆడిందంతా తిరిగి చూపించే టాక్‌వ్యూ ప్రోగ్రాంలో ఆ మిసైల్ మీద క్లిక్ చేసి ఇద్దరం చూశాం. మోటార్ ఆగేసరికి మాక్ మూడు దాటి ఉంది. పైన ఉన్నంతసేపు వేగం మెల్లగానే తగ్గింది. వీడి వెంట దట్టమైన గాలిలోకి దిగగానే అంకెలు గబగబా పడిపోయాయి. వీడు దిశ మార్చిన ప్రతిసారీ అదీ తన దారి మార్చుకుంది, మార్చుకున్న ప్రతిసారీ ఇంకాస్త నెమ్మదించింది. చివరికి వీడి విమానం కంటే నెమ్మదిగా వెళ్తూ నీళ్లలో పడింది. వీడు ఒక్క చాఫ్ కూడా వదల్లేదు!

అసలు టెన్షన్ ఎక్కడంటే, ఆ మిసైల్ వస్తున్న సంగతి చాలాసేపు మీకు తెలియదు. రష్యా విమానం సు-27 తన ఆర్-27ఈఆర్ మిసైల్ వదిలితే, శత్రు రాడార్‌ని పసిగట్టే మీ హెచ్చరిక రిసీవర్ వెంటనే మోగుతుంది, ఎందుకంటే ఆ మిసైల్‌కి దారి చూపడానికి సు-27 రాడార్ చివరిదాకా మిమ్మల్ని పట్టుకునే ఉండాలి. వాడు పక్కకి తిరిగాడా, మిసైల్ గుడ్డిదైపోతుంది. ఆమ్రామ్ అలా కాదు. శత్రువు ట్రాక్ వైల్ స్కాన్‌లో, అంటే రాడార్‌ని మీ ఒక్కరి మీదే నిలపకుండా ఆకాశమంతా వెతుకుతూనే మిమ్మల్ని గమనించే పద్ధతిలో, ఉండి వదిలితే మీ దగ్గర ఏ చప్పుడూ ఉండదు. దగ్గరికొచ్చి దాని సొంత రాడార్ మొదలైనప్పుడే, మనం పిట్‌బుల్ అనేది దాన్నే, తెర మీద 'ఎం' గుర్తు కనిపిస్తుంది. అప్పటికి ఆలోచించే టైం ఉండదు. అందుకే శత్రువు దాన్ని వదిలే దూరానికి వచ్చాడనిపిస్తే, వదిలాడనే లెక్కేసుకుని కదలమంటాను.

ఇక నాచ్, అంటే మిసైల్‌కి అడ్డంగా తిరిగి దాని రాడార్ నుంచి మాయమవడం. వేగం తేడాని బట్టి విమానాన్ని గుర్తించే డాప్లర్ రాడార్ నేల నుంచి వచ్చే ప్రతిధ్వనిని వడకట్టేస్తుంది. మీరు మిసైల్‌కి సరిగ్గా అడ్డంగా తిరిగితే దాని వైపు మీ వేగం సున్నా అవుతుంది, దాని లెక్కలో మీరూ నేలా ఒకటే. కానీ ఇది పనిచేయాలంటే మీ వెనక నేల ఉండాలి. మిసైల్ కింద నుంచి పైకి చూస్తుంటే మీ వెనక ఉన్నది ఖాళీ ఆకాశం, వడకట్టడానికి అక్కడ ఏమీ లేదు. చాలామంది వదిలేసేది ఈ ముక్కనే. చాఫ్ కూడా ఇక్కడే పనికొస్తుంది. గాలిలో వదిలిన మరుక్షణం దాని వేగం పడిపోతుంది కాబట్టి, మీరు ఎదురుగా దూసుకెళ్తూ ఎంత చాఫ్ వదిలినా రాడార్ దాన్ని తేలిగ్గా పక్కన పెట్టేస్తుంది. అడ్డంగా తిరిగాక మాత్రం మీకూ దానికీ తేడా పట్టుకోవడం కష్టం. ఇంకో మాట, నాచ్‌లో నేరుగా పోకండి. మీరు కనిపించకపోయినా, మీరు ఎక్కడ ఉండాలో అంచనా వేసుకుని మిసైల్ అటే వస్తూ ఉంటుంది. ఎత్తు మార్చండి.

సిమ్‌లో వేగం లెక్కల్ని నేను నమ్ముతాను, చాఫ్ లెక్కల్ని అంతగా నమ్మను. ఆకారం, బరువు, మోటార్ గురించి తెలిస్తే గాలిలో మిసైల్ ఎలా నడుస్తుందో బయటివాళ్లు కూడా లెక్కగట్టగలరు. దాని తలలోని రాడార్ దేన్ని చూసి దేన్ని వదిలేస్తుందో ఎవరూ బయటపెట్టరు. డీఆర్‌డీఓ రూపొందించిన అస్త్ర మిసైల్‌ని మా హైదరాబాద్‌లోనే భారత్ డైనమిక్స్ తయారుచేస్తోంది. ఇదే ఊళ్లో ఉన్నా దాని సీకర్, అంటే తలలోని ఆ రాడార్, లోగుట్టు నాకు తెలియదు, తెలియకూడదు కూడా. కాబట్టి సిమ్‌లో చాఫ్ అంటే కొంత పాచికల ఆటే. పాచికల మీద ప్రాణం పెట్టుకునేకన్నా, మిసైల్ ఆస్తి కరిగించడం నేర్చుకోవడం మంచిది.

నేర్చుకోవాలంటే మిషన్ ఎడిటర్‌లో ముప్పై వేల అడుగుల్లో ఒక్క శత్రు విమానాన్ని పెట్టండి. దానికి ఆమ్రామ్‌లు ఇవ్వండి, మీ విమానానికి ఏ ఆయుధమూ వద్దు. తప్పించుకోవడం ఒక్కటే పని. అయ్యాక రీప్లే పెట్టి, ఎఫ్6 నొక్కి మిసైల్ వెనక నుంచి మిమ్మల్ని మీరు చూసుకోండి. మీరు ఏ మలుపు తిరిగినప్పుడు అది ఎక్కువగా వంగాల్సి వచ్చిందో అక్కడే ఆపి, మీ ఎత్తు రాసిపెట్టుకోండి.