సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ నిలవదు

కొండ మలుపులో వ్యూపాయింట్ దగ్గర పది నిమిషాలని ఆగాం. లోయలోంచి మబ్బు పైకి లేస్తుంటే పిల్లలు దాన్ని పట్టుకుంటామని చేతులు చాచారు. ఆ సంబరమంతా తిరిగి కారెక్కేదాకానే.

ముందు తాళంచెవి తిరగనే లేదు. దీనికి మాత్రం నేను కంగారుపడలేదు. వాలులో చక్రాలు పక్కకి తిప్పి ఆపాను కాబట్టి స్టీరింగ్ లాక్ బిగుసుకుంది. ఎడమ చేత్తో స్టీరింగ్‌ని అటూ ఇటూ ఊపుతూ కీ తిప్పితే వదిలేసింది. ఇలాంటప్పుడు బలం చూపిస్తే కీ విరిగి సగం లోపలే ఉండిపోతుంది.

అసలు కథ ఆ తర్వాత. సెల్ఫ్ గిర్రున తిరిగింది, ఇంజిన్ అందుకుంది, రెండు సెకన్లకే ఆగిపోయింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే.

"బ్యాటరీ పోయింది బావా, తోద్దాం" అన్నాడు మా బావమరిది చొక్కా చేతులు మడుస్తూ. ఏ బండి ఆగినా అతనికి ముందు తోచే వైద్యం అదే. బ్యాటరీ దిగిపోతే సెల్ఫ్ ఇంత హుషారుగా ఎందుకు తిరుగుతుంది? టక్ టక్‌మంటుంది, లేదా మూలుగుతుంది. హెడ్‌లైట్లు వేసి కొట్టి చూశాను, వెలుగు కొంచెమే తగ్గింది. ట్యాంకులో సగం పెట్రోలు ఉంది. కీ ఆన్‌లో పెట్టి చెవి ఒగ్గితే వెనక సీటు కింద పెట్రోలు తోడే పంపు జుయ్‌మంది.

అప్పుడు కనబడింది, మీటర్ల పక్కన తాళంచెవి బొమ్మ టకటకా కొట్టుకుంటూ. ఇమ్మొబిలైజర్! అంటే అసలు కీ కాకపోతే బండిని నడవనివ్వని ఏర్పాటు. కీ నల్ల తలకాయలో చిన్న చిప్ ఉంటుంది. దానికి సొంత బ్యాటరీ అక్కర్లేదు. కీ పెట్టే రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే కాస్త శక్తి తీసుకుని తన కోడ్ చెబుతుంది. కోడ్ సరిగా అందకపోతే కంప్యూటర్ ఇంజిన్‌ని నడవనివ్వదు. రిమోట్ నొక్కితే తలుపులు తెరుచుకుంటున్నాయి కదా అని నమ్మడానికి లేదు, ఆ పని వేరు, చిప్ పని వేరు. స్పేర్ కీ ఉంటే నిమిషంలో తేలిపోయేది. అది ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది.

ఉన్న కీనే బయటికి తీసి తుడుస్తుంటే గుత్తి బరువుగా తగిలింది. పొద్దున బావమరిది తన కారు మా ఇంటి దగ్గరే వదిలేసి, "నేను ఎక్కడో పారేస్తాను, నీ దగ్గరే ఉంచు బావా" అంటూ తన కీ కూడా నా గుత్తికే తగిలించాడు. దానికీ చిప్ ఉంది. రెండూ తీగచుట్టకి అంత దగ్గరగా ఉంటే ఒకదాని మాట ఇంకోదానికి అడ్డం వస్తుంది. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు మరి ఎలా స్టార్టయిందంటే, గుత్తిలో అది అటు వైపు వేలాడి ఉంటుంది, అంతకన్నా నాకేం తోచలేదు.

అతని కీ ఊడదీసి ఇచ్చేశాను. ఇగ్నిషన్ ఆపి, కాసేపు ఆగి, మళ్లీ తిప్పాను. బొమ్మ వెలిగి ఆరిపోయింది. ఇంజిన్ ఏమీ జరగనట్టు అందుకుంది.

రాత్రి ఇంటికొచ్చాక ఆ కీ ఏ జేబులో పెట్టాడో తెలియక అందరం అరగంట వెతికాం.