మాస్క్ సరస్సు పక్కన పంక్చరు: మా ఐర్లాండ్ సైకిల్ ప్రయాణం

నిన్న రాత్రి డబ్లిన్‌లో ఇంటికి చేరాం. తొడలు ఇంకా పట్టేసే ఉన్నాయి. గోళ్ళల్లో గ్రీజు పోలేదు. మా ఆవిడ ఈ కథ తన పద్ధతిలో అందరికీ చెప్పేలోపు నా వైపు నుంచి రాసి పెట్టుకుంటున్నాను.

నాలుగు రోజులు, ఇంచుమించు 180 కిలోమీటర్లు, పడమటి తీరంలో మేయో, గాల్వే కౌంటీలు. డబ్లిన్ నుంచి వెస్ట్‌పోర్ట్‌కి రైల్లో మూడు గంటల పైచిలుకు. సైకిళ్ళు అక్కడే అద్దెకి తీసుకున్నాం. టికెట్లు, గదులు ఇంట్లో కూర్చునే బుక్ చేశాం. వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

సైకిల్ షాపులో మాత్రం రెండు తప్పులు చేశాను. మా ఆవిడ బ్యాటరీ సైకిల్ అడిగితే నవ్వాను. "మోటారుంటే అది సైకిలెలా అవుతుంది?" అన్నాను. రెండోది ఇంకా పెద్దది. కౌంటర్లో ఉన్న కుర్రాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. సంచులు, పంపు, ఒక స్పేర్ ట్యూబు, ప్యాచ్‌ల డబ్బీ ఇచ్చి, "ఐదు నిమిషాలు ఆగండి, చక్రం విప్పడం, గాలి కొట్టడం చూపిస్తాను" అన్నాడు. మాది తెనాలి. మా పెదనాన్నకి సైకిల్ షాపు ఉండేది. నా వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. ఎనిమిదో తరగతిలోనే రోజుకి పది పంక్చర్లు వేసినవాణ్ణి. ఆ సంగతి కాస్త దర్జాగానే చెప్పాను. కుర్రాడు "గ్రాండ్" అన్నాడు. ఈ దేశంలో ఆ మాటకి గొప్ప అని అర్థం కాదు, సరేలే అని.

మొదటి రోజు లూయిస్‌బర్గ్ మీదుగా లీనాన్ వరకు 50 కిలోమీటర్ల పైన. కుడివైపు క్లూ బే, చిన్న చిన్న దీవులు. రోజుకొకటి చొప్పున 365 ఉన్నాయని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఎడమవైపు క్రో పాట్రిక్ కొండ, 764 మీటర్లు. జులై చివరి ఆదివారం జనం మొక్కుగా ఎక్కుతారు, కొందరు వట్టి కాళ్ళతోనే. చూడ్డానికి అంతా బాగుంది, ఎదురుగాలి తప్ప. ఇక్కడ మిట్టలు చూసి భయపడక్కర్లేదు. భయపడాల్సింది గాలికి. అట్లాంటిక్ మీద నుంచి వచ్చే గాలి ఎక్కువగా పడమటిదే. మీరు పడమరకి తొక్కుతుంటే చదును రోడ్డు కూడా ఘాట్ రోడ్డే. మా ఆవిడ బ్యాటరీ మీద ముందెళ్ళిపోయి, ప్రతి మలుపులో ఆగి, "వస్తున్నారా?" అని అడిగేది. ఆ పిలుపులో జాలి ఉంది. వెక్కిరిస్తే సర్దుకుపోయేవాణ్ణి.

లూయిస్‌బర్గ్ దాటాక డూలాఖ్ లోయ. రెండు పక్కలా నల్లటి కొండలు, మధ్యలో నల్లటి సరస్సు, రోడ్డు మీద గొర్రెలు. అక్కడ ఒక రాతి శిలువ ఉంది. కరువు కాలంలో, 1849 మార్చిలో, లూయిస్‌బర్గ్‌లో తిండికోసం వచ్చిన జనాన్ని, సాయానికి అర్హులో కాదో తేల్చే అధికారులు అక్కడ తనిఖీ చేయలేదు. 19 కిలోమీటర్ల అవతల ఉన్న డెల్ఫీ బంగళాకి పొద్దున్నే వచ్చి కనపడమన్నారు. రాత్రంతా చలిలో నడిచారు. అక్కడా ఏమీ ఇవ్వకుండా పంపేశారు. తిరుగుదారిలో చాలామంది ఈ రోడ్డు మీదే పోయారు. శిలువ మీద గాంధీగారి మాట చెక్కి ఉంది, తోటి మనుషుల్ని అవమానించి కొందరు గౌరవం పొందామని ఎలా అనుకుంటారో అని. తాలూకా ఆఫీసులో "ఈ కిటికీ కాదు, ఆ కిటికీకి వెళ్ళు" అనిపించుకున్న కుటుంబంలో పుట్టినవాణ్ణి కాబట్టి కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఎదురుగాలి గురించి గొణగడం లీనాన్ దాకా మానేశాను.

లీనాన్ చేరేసరికి పబ్బులో వంటగది మూసేశారు. చిన్న ఊళ్ళలో రాత్రి ఎనిమిదికల్లా తిండి సంగతి చూసుకోండి. మేం రొట్టెల మీద కందిపొడి, వెన్న రాసుకుని పడుకున్నాం.

రెండో రోజు కిల్లరీ అనే సముద్రపు పాయ వదిలి, మామ్ లోయ మీదుగా లాఖ్ కారిబ్ (లాఖ్ అంటే సరస్సు) ఒడ్డు పట్టుకుని కాంగ్ చేరాం. 40 కిలోమీటర్లు, ఏ గొడవా లేదు. సరస్సు దగ్గర ఆగితే మిడ్జ్ అని కంటికి సరిగా ఆనని దోమల్లాంటి పురుగులు పీక్కుతింటాయి. గాలుంటే అవి రావు, గాలి లేకపోతే అవి ఉంటాయి. ఏది కావాలో మీరే తేల్చుకోండి.

కాంగ్‌లో ఒక కాలువ ఉంది. లాఖ్ మాస్క్‌నీ లాఖ్ కారిబ్‌నీ కలపాలని కరువు పనిగా 1848లో తవ్వడం మొదలుపెట్టారు. కింద అంతా సున్నపురాయి, జల్లెడలాగా చిల్లులు. మాస్క్ నీళ్ళు ఎలాగూ నేల కిందనుంచే కారిబ్‌కి పోతుంటాయి, కాలువలో నిలబడతాయా? 1854లో వదిలేశారు. ఎండిపోయిన ఆ రాతి కాలువ గట్టు మీద నిలబడి, "తవ్వేముందు అడుగున ఏముందో తడిమి చూసుకోవద్దూ!" అని ఇంజనీర్లని తిట్టాను. ఆ మాట మర్నాడు నాకే తిరిగొచ్చింది.

మూడో రోజు కాంగ్ నుంచి బాలిన్‌రోబ్ మీదుగా వెస్ట్‌పోర్ట్‌కి వెళ్ళాలి. పెద్ద రోడ్డు పట్టుకుంటే గొడవ లేకపోయేది. నాకు కెప్టెన్ బాయ్‌కాట్ ఇల్లున్న వైపు చూడాలనిపించింది. అవును, మన బాయ్‌కాటే. విదేశీ వస్త్రాలనీ ఎన్నికలనీ మనం బాయ్‌కాట్ చేశామంటే ఆ మాట పుట్టింది ఈ మాస్క్ సరస్సు ఒడ్డునే. 1880లో రైతులు అడిగినంత కౌలు తగ్గించనన్న ఈ జమీందారీ ఏజెంటుకి చుట్టుపక్కల ఎవ్వరూ పని చేయలేదు, సరుకులమ్మలేదు, మాట్లాడలేదు. చివరికి అతని పంట తీయడానికి ఉత్తరాది నుంచి 50 మంది కూలీలు, వాళ్ళకి కాపలాగా వందలాది సైనికులు రావాల్సి వచ్చింది. ఇదంతా మా ఆవిడకి చెప్తూ ఒక సందు రోడ్డులోకి తిప్పాను. రెండువైపులా ఎత్తుగా ముళ్ళ కంచెలు, రోడ్డంతా అప్పుడే నరికిన తుక్కు. దాని మీదే తొక్కుకుంటూ పోయాను. తెనాలి దగ్గర తుమ్మకంప కొట్టిన డొంకలో సైకిల్ దిగి నడిపించడం మూడో తరగతి పిల్లాడికి కూడా తెలుసు.

వెనక చక్రం గాలి తుస్సుమంది. వెంటనే చినుకులు కూడా.

నాకు ఏ కంగారూ లేదు. నిజం చెప్పాలంటే సంతోషమే వేసింది. మూడు రోజులుగా వెనకబడ్డవాడికి విద్య చూపించే అవకాశం. సైకిల్ తలకిందులు చేసి, చక్రం ఊడదీసి, పాత ట్యూబు లాగి స్పేర్ ట్యూబు ఎక్కించాను. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. పంపు పెట్టి కొట్టాను, గాలి ఎక్కలేదు. పొద్దున ఇదే పంపుతో మా ఆవిడ సైకిల్‌కి కొట్టాను. దానిది కారు టైరుకుండే లావు వాల్వు. నాది పుల్లలా సన్నగా ఉంది. పంపులో రెండో రంధ్రానికి మార్చి కొట్టాను, అయినా ఎక్కలేదు. బలం పెట్టి నొక్కాను. వాల్వు చివర సన్నటి పిన్ను పుటుక్కున విరిగి చేతిలోకొచ్చింది.

"ఆ కుర్రాడు చూపిస్తానన్నాడు కదండీ" అంది మా ఆవిడ.

అప్పుడు పాత ట్యూబు వాల్వుని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాను. ఆ పిన్ను మీద గురివింద గింజలో సగం ఉండే మర ఉంది. అది విప్పాలి. విప్పి ఒకసారి నొక్కాలి. ఆ తర్వాతే గాలి. మా పెదనాన్న షాపులో వాల్వులోపల రబ్బరు గొట్టం ఉండేది. ఆ రకం వాల్వుని డన్‌లప్ వాల్వని కూడా అంటారు. గాలి టైరుకి 1888లో బెల్‌ఫాస్ట్‌లో పేటెంటు తీసుకున్న పశువుల డాక్టరు డన్‌లప్ పేరే. ఈ ద్వీపంలో పేరుపడ్డ మనిషి వాల్వు నాకు తెలుసు గానీ, ఈ ద్వీపంలో అద్దెకిచ్చిన వాల్వు తెలీలేదు.

ఇక మిగిలింది పాత ట్యూబుకి అతుకు. వాన పెద్దదైంది. చిల్లు చెంపకి ఆనించి కనిపెట్టాను, ఆ పాతవిద్య ఇంకా ఉంది. తడి మీద సొల్యూషన్ అంటదు కాబట్టి మా ఆవిడ చున్నీ అడ్డం పట్టింది, దాంతోనే తుడిచాను. అతుకు పడింది. ట్యూబు ఎక్కించాను, మర విప్పాను, గాలి కొట్టాను. టైరు రాయిలా గట్టిపడింది. "చూశావా" అని కూడా అన్నాను. ఎక్కి రెండొందల గజాలు వెళ్ళానో లేదో, మళ్ళీ తుస్సు.

"మీ పెదనాన్నగారి షాపులో కూడా ఇలాగే వేసేవారా?" అంది. నేను జవాబివ్వలేదు. ఫోన్‌లో వెతుకుదామంటే సిగ్నల్ లేదు. గంటన్నర అలా తడిశాం. మధ్యలో తను, "కాలువ వాళ్ళని నిన్న ఏమన్నారు మీరు?" అంది. దానికీ జవాబివ్వలేదు.

అప్పుడొచ్చింది ట్రాక్టరు. వెనక కంచెలు కొట్టే పొడవాటి చెయ్యి ఉంది. నడిపే ఆయనకి డెబ్భై దాటి ఉంటాయి. ఆపి, దిగి, ఏమీ అడక్కుండా నా చేతిలోంచి చక్రం తీసుకున్నాడు. టైరు లోపల బొటనవేలు పెట్టి మెల్లగా చుట్టూ తిప్పాడు. ఒకచోట ఆగి, గోటితో లాగి, బియ్యపుగింజంత ముల్లు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఇది నాదే" అన్నాడు.

చట్ట ప్రకారం మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కంచెలు కొట్టకూడదట, పక్షులు గూళ్ళు పెట్టుకుంటాయని. సెప్టెంబరు రాగానే రైతులంతా మిషన్లు బయటికి తీస్తారు. ఆయన పొద్దున కొట్టిన హాథార్న్ అనే కంచె మొక్క ముల్లు మధ్యాహ్నానికి నా టైరులో ఉంది. సెప్టెంబరు మొదటివారంలో వెళ్ళేవాళ్ళు రెండు ట్యూబులు అడిగి తీసుకోండి. ఈ ముక్క షాపువాడు చెప్పాలి, చెప్పడు.

మా పెదనాన్న మొదట చేసే పని అదే. "ట్యూబు ఎక్కడికీ పోదు, ముందు టైరు తడిమి చూడరా" అనేవాడు. రోజుకి పదిసార్లు విన్న మాట. ఈ పాతికేళ్ళలో వేళ్ళకి కీబోర్డు అలవాటైంది, ఆ మాట జారిపోయింది.

పెద్దాయన మమ్మల్ని తన కొట్టంలోకి తీసుకెళ్ళాడు. దూడ తాగే బకెట్‌లో ట్యూబు ముంచితే నేను వేసిన అతుకు పక్కనే కొత్త చిల్లు బుడగలొదిలింది. నేను వేస్తానన్నాను. ఆయన పక్కనే నిలబడి చూశాడు. పాలు పోసిన చిక్కటి టీ ఇచ్చాడు. టీ తాగుతూ మా ఆవిడ, ఈయన పంక్చర్ షాపులో పెరిగారండీ అని ఇంగ్లీషులో చెప్పేసింది. ఆయన నావైపు చూసి "అలాగా" అన్నాడు. ఇంకొక్క మాట అనలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

డబ్బివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. పొలం మధ్య ఒంటరిగా ఒక హాథార్న్ చెట్టు కనపడితే దాన్నెందుకు కొట్టలేదని అడిగాను. అది వాళ్ళది అన్నాడు. వాళ్ళంటే ఎవరో చెప్పలేదు. ఆ చెట్ల కింద ఫెయిరీలనే మాయామనుషులుంటారని ఇక్కడి నమ్మకమని డబ్లిన్‌లో ఆఫీసువాళ్ళు చెప్పగా విన్నాను కాబట్టి మళ్ళీ అడగలేదు.

బాయ్‌కాట్ ఇల్లు చూడలేదు. వెస్ట్‌పోర్ట్ చేరేసరికి చీకటి పడింది.

నాలుగో రోజు గ్రీన్‌వే, అంటే సైకిళ్ళకీ నడకకీ వేసిన దారి. వెస్ట్‌పోర్ట్ నుంచి న్యూపోర్ట్, మల్‌రానీ మీదుగా అచిల్ దీవి దాకా 42 కిలోమీటర్లు, 1937లో మూసేసిన రైలు దారి మీద వేశారు. రైలు దారి కాబట్టి పెద్ద మిట్టల్లేవు, చాలా దూరం కార్లు లేవు. పిల్లలూ ముసలివాళ్ళూ అందరూ తొక్కుతున్నారు. ఐర్లాండ్‌లో మొదటిసారి తొక్కేవాళ్ళు దీంతోనే మొదలుపెట్టండి, నాలాగా చివరికి ఉంచుకోకండి. అచిల్ నుంచి వెనక్కి వ్యాను ముందే మాట్లాడుకుంటే ఎదురుగాలో వెనకగాలో లెక్కలు అక్కర్లేదు.

సైకిళ్ళు అప్పగించేటప్పుడు కుర్రాడు విరిగిన వాల్వు చూసి, నన్ను చూసి, ట్యూబుకని 12 యూరోలు పట్టుకున్నాడు. ఎక్కువే. బేరమాడే మొహం లేక కట్టేశాను.

పెదనాన్నకి అచిల్ వంతెన దగ్గర తీసిన ఫోటోలు పంపాను. రాత్రి ఫోన్ చేసి, "సైకిలు బాగుందిరా, గేర్లెన్ని?" అని అడిగాడు. ఇరవై నాలుగన్నాను. "పంక్చర్లేమైనా అయ్యాయా?" అన్నాడు. ఒకటి, అన్నాను.