నెల రోజులుగా నాకు చేరని మెయిల్

హాంబర్గ్‌లో డిసెంబరంటే సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది. వేరే పని మీద బ్యాకప్ సర్వర్‌లోకి లాగిన్ అయితే 'యూ హ్యావ్ మెయిల్' అని కనిపించింది. తెరిచి చూస్తే గుండె జారిపోయింది. డిస్క్ నిండిపోయి బ్యాకప్ ఆగిపోయిందని ఆ సర్వర్ నెల రోజులుగా రోజూ రాత్రి నాకు మెయిల్ రాస్తూనే ఉంది. ఒక్కటీ బయటికి వెళ్లలేదు. సర్వర్‌లో మెయిల్ పంపే ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ ఒక్కో మెయిల్‌ని ఐదు రోజులు పంపే ప్రయత్నం చేసి, కుదరక అదే సర్వర్‌లో రూట్ (అడ్మిన్ ఖాతా) మెయిల్‌బాక్స్‌లో పడేసింది. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉన్న రోజులవి. ఆ సర్వర్ బాధ్యత నాది.

ముందు డిస్క్ ఖాళీ చేసి బ్యాకప్ నడిపించాను. లాగ్ చూస్తే వరసగా 'కనెక్షన్ టైమ్డ్ అవుట్'. ఆఫీసు నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్, సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ పంపుకునే దారి అయిన పోర్ట్ 25ని బయటికి వెళ్లకుండా ఆపేస్తోంది.

ఫైర్‌వాల్ చూసే పెద్దాయన దగ్గరికెళ్లి కొంచెం తెరవండి అన్నాను. హైదరాబాద్‌లో అయితే అలాంటివి ఫోన్ మీదే అయిపోయేవి. ఆయన కుర్చీ చూపించి కూర్చోమని, ఓపిగ్గా చెప్పారు. ఒక్క మెషీన్‌కి వైరస్ తగిలి స్పామ్ పంపినా ఆఫీసు ఐపీ మొత్తం బ్లాక్‌లిస్ట్‌లోకి పోతుంది, అందుకని 25 తెరవరు. మన మెయిల్ తీసుకుని ముందుకు పంపే మెయిల్ ప్రొవైడర్ సర్వర్‌కి, అంటే రిలేకి, పోర్ట్ 587 మీద, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్‌తో వెళ్లమన్నారు. ఏ ఐపీ నుంచి, ఎక్కడికి, ఎందుకు అన్నది టికెట్‌లో రాయించారు. మర్నాడు పొద్దున్నే ఆ ఒక్క సర్వర్‌కి, ఆ ఒక్క దారి తెరిచారు.

మా అమ్మ పెట్టిన ఆవకాయ కూడా కాకినాడ నుంచి నేరుగా రాదు. ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చే తెలిసినవాళ్ల చేతికిస్తుంది. ఎవరిదో, లోపల ఏముందో కనుక్కోకుండా వాళ్లూ తీసుకోరు. రిలే పని కూడా అదే.

పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైల్ మెయిన్.సీఎఫ్‌లో రిలేహోస్ట్ (రిలే సర్వర్) పేరు స్క్వేర్ బ్రాకెట్లలో పెట్టాను, లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకి వచ్చే మెయిల్‌ని ఏ సర్వర్ తీసుకుంటుందో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డు వెతుకుతుంది. దారిలో ఎవరూ చదవకుండా కాపాడే టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి చేశాను. పాస్‌వర్డ్ ఫైల్‌ని రూట్ తప్ప ఎవరూ చదవకుండా పర్మిషన్ 600 చేసి, దాన్ని పోస్ట్‌ఫిక్స్ వెతుక్కునే రూపంలోకి మార్చే పోస్ట్‌మ్యాప్ కమాండ్ కొట్టాను. అయినా 'నో మెకానిజం అవైలబుల్'. పాస్‌వర్డ్ తప్పేమోనని రెండు గంటలు దాన్నే మార్చి మార్చి చూశాను. తీరా చూస్తే సర్వర్‌లోని డెబియన్ లినక్స్‌లో, లాగిన్ పద్ధతులు అందించే లిబ్‌సాస్ల్2-మాడ్యూల్స్ ప్యాకేజీయే వేసి లేదు! అది వేశాక లాగిన్ అయింది గానీ, రూట్ పేరుతో వెళ్తున్న మెయిల్‌ని ప్రొవైడర్ తిప్పికొట్టింది. పంపేవారి అడ్రస్ మా ఖాతాదే అయ్యేలా పోస్ట్‌ఫిక్స్ అడ్రస్‌లు మార్చే పట్టికలో, అంటే జెనెరిక్ మ్యాప్‌లో, మార్చాను.

లాగ్‌లో 'స్టేటస్=సెంట్' అని పడింది. జేబులో ఫోన్ మోగింది.

ఇప్పుడు సోమవారం ఉదయం మా ప్రతి సర్వరూ నాకొక మెయిల్ పంపుతుంది. తొమ్మిదింటికల్లా రాకపోతే కాఫీ పక్కన పెట్టి ముందు ఆ సర్వర్ సంగతే చూస్తాను.