ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయిన ఎనిమిది నెలలు

నిన్న సాయంత్రం సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలను వరసగా చదవడం) ఫలితం వచ్చింది. క్రిస్పర్ జీన్ ఎడిటింగ్‌తో మార్చిన నా టమాటా మొక్కలో, నేను అనుకున్న జన్యువులో, రెండు కాపీల్లోనూ ఒక అక్షరం ఎక్కువ చేరింది. ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

క్యాస్9 అనే డీఎన్‌ఏ కత్తెరని అనుకున్న చోటికి నడిపించే గైడ్ ఆర్‌ఎన్‌ఏ ఎంచుకోవడం ఒక పూట పని. ఈ రెండింటినీ మోసే ప్లాస్మిడ్ (గుండ్రటి డీఎన్‌ఏ) తయారీ రెండు వారాలు. మొక్కల్లోకి డీఎన్‌ఏ చేరవేసే అగ్రోబాక్టీరియం అనే బ్యాక్టీరియాతో బీజదళాల ముక్కల్లోకి ఎక్కించి, కనామైసిన్ అనే యాంటీబయాటిక్‌ని తట్టుకున్నవాటికి, అంటే ఆ డీఎన్‌ఏ ఎక్కినవాటికి, వేర్లు తెప్పించడానికి నెలలు పట్టింది గానీ, అదీ సాఫీగానే సాగింది.

31 మొక్కలు వచ్చాయి. అన్నిట్లోనూ క్యాస్9 ఉంది. ఎడిట్ జరిగితే అక్కడ రెస్ట్రిక్షన్ ఎంజైమ్ (ఒక నిర్దిష్టమైన అక్షరాల వరస దగ్గరే డీఎన్‌ఏని కోసేది) కోసే చోటు చెడిపోవాలి. డీఎన్‌ఏ ముక్కల్ని పొడవుని బట్టి విడదీసే జెల్ మీద చూస్తే 31 వరుసల్లోనూ డీఎన్‌ఏ శుభ్రంగా తెగింది. అంటే ఒక్కటీ మారలేదు. సీక్వెన్సింగ్‌కి పంపుతానంటే డబ్బు దండగ అన్నారు. ల్యాబ్ మీటింగ్‌లో ఒక సీనియర్ అందరి ముందూ "ఈ పని నీ చేతికి అచ్చిరాదు" అన్నాడు. 31 మొక్కలు వేళ్లూనిన చేతిని పట్టుకుని ఆ మాట! ఎవరూ అడ్డుచెప్పలేదు. అచ్చిరావడం, రాకపోవడం అనే మాటలు ప్రయోగశాలలో వినపడకూడదు. అవి కారణం వెతకడాన్ని ఆపేస్తాయి. నన్నూ ఆపేశాయి. తలవంచుకుని అదే గైడ్‌తో మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ సున్నా.

ఎనిమిది నెలలు గడిచాక, ఎవరినీ అడక్కుండా, ఏ మార్పూ చెయ్యని మా రకం మొక్క డీఎన్‌ఏని సీక్వెన్సింగ్‌కి పంపాను. నేను గైడ్ ఎంచుకున్నది 2012లో వెలువడిన టమాటా జీనోమ్ చూసి. అది హైంజ్ 1706 అనే రకానిది, మా రకం వేరు. క్యాస్9 ముందు వెతుక్కునేది పామ్‌ని: 20 అక్షరాల లక్ష్యం పక్కనే ఏదో ఒక అక్షరం, దాని వెంట రెండు 'జి'లు. మా రకంలో రెండో 'జి' ఉండాల్సిన చోట 'ఎ' ఉంది. కత్తెరకు పట్టు దొరికితే కదా కోసేది!

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గైడ్ ఆర్డర్ చేసేముందే తమ రకంలో ఆ ముక్కని చదివించుకోండి. ఎవరు వద్దన్నా వినకండి.

కొత్త గైడ్‌తో 24 మొక్కల్లో 9 ఎడిట్ అయ్యాయి, పని మొత్తం నేనొక్కదాన్నే చేశాను. మొదటి తరంలో ఒకే మొక్కలో ఆకుకో రకం మార్పు కనిపిస్తుంది, ఒక్క ఆకుని నమ్మొద్దు. విత్తనం కట్టించి మొలిపిస్తే 64 మొలకల్లో 15 క్యాస్9 లేనివి. వాటిలో మూడింటికి రెండు కాపీలూ మారాయి.

ఆ మూడింటినీ ఈ ఉదయమే పెద్ద కుండీల్లోకి మార్చాను.