గుమస్తా కుర్చీ, మిర్చి కుప్ప

మార్చి కదా, గుంటూరు మిర్చి యార్డులో కాలు పెట్టే చోటు లేదు. ముక్కుకి తువ్వాలు కట్టుకున్నా పొద్దుటి నుంచి తుమ్ములే తుమ్ములు. ఇన్నేళ్లుగా కమీషన్ కొట్టు నడుపుతున్నా ఈ ఘాటు నాకు అలవాటు కాలేదని హమాలీలు నవ్వుతుంటారు.

సీజన్ మొదట్లో కొట్లో ఇద్దరి పనులు అటూ ఇటూ మార్చాను. సత్తెనపల్లి కుర్రాడు కంప్యూటర్ ముందు రైతులు తెచ్చిన సరుకు లాట్లు ఎంట్రీ చేసేవాడు. నాలుగంకెలు కొట్టడం, లేచి రైతుల దగ్గరకు పోవడం. "వీడికి పని మీద ధ్యాస లేదు, మాన్పించెయ్" అని మా బావ ఒకటే పోరు. అసలు లేచి వెళ్లి ఏం చేస్తున్నాడా అని చూశాను. ఏ ఊరు, ఎన్ని కోతలయ్యాయి, కల్లంలో వాన తగిలిందా అని రైతుల్ని అడుగుతున్నాడు. ఇటు చూస్తే, ఫోనెత్తితే గొంతు పెగలని అమ్మాయి ఒకతె ఉంది. లెక్కలో మాత్రం పైసా తేడా రానివ్వదు. ఆ అమ్మాయిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, వాడిని రైతుల దగ్గరకు పంపాను.

ఇవాళ నంద్యాల వైపు రైతు ఒకాయన, తెచ్చింది తేజ రకం, పక్క లాటు కంటే ధర తక్కువ పలికిందని గట్టిగా కేకలేశాడు. కుర్రాడు ఎదురు మాట్లాడలేదు. "పెద్దాయనా, ఇలా రండి" అని ఆయన టిక్కీలోంచే, అదే మిర్చి బస్తాలోంచే, గుప్పెడు కాయ తీసి గోనె మీద పరిచాడు. తెల్లబారిన తాలు కాయలు ఒక పక్కకు ఏరాడు. మంచి కాయ ఒకటి తీసి ఆయన చేతిలోనే పెట్టి విరవమన్నాడు. బాగా ఎండితే పటుక్కున విరగాలి, ఊపితే గింజ గలగలమనాలి. అది వంగింది గానీ విరగలేదు. "ఇంకో రెండు రోజులు కల్లంలో ఉంచాల్సింది" అని ఆయనే అన్నాడు. టీ తాగి, అమ్మకం లెక్క రాసిన పట్టీ తీసుకుని వెళ్లాడు.

అది చూసి మా బావకి హుషారొచ్చింది. కాయ గ్రేడింగ్ చేసే బాబాయ్‌ని కూడా గుమస్తా కుర్చీలో కూర్చోబెడితే గౌరవంగా ఉంటుందట. ఇక్కడే నాకూ ఆయనకీ పడదు. ఇది 334 రకం, ఇది తేజ, ఇందులో కోల్డ్ స్టోరేజీలో పెట్టిన పోయినేటి ఏసీ కాయ కలిసింది అని గుప్పిట పట్టగానే చెప్పే మనిషిని తీసుకెళ్లి కాగితాల ముందు కూర్చోబెడితే, ఉన్న నిపుణుడు పోయి ఓ మామూలు గుమస్తా మిగులుతాడు. కారం తక్కువని బ్యాడిగి రకం మిర్చిని ఎవరైనా తిడతారా? రంగు కోసమే కొంటారు. జీతం పెంచడానికి కుర్చీ మార్చడం ఎందుకు? ఈ నెల నుంచి బాబాయ్‌కి గుమస్తాతో సమానంగా ఇస్తున్నాను. మిగతావాళ్లు అడుగుతారని బావ భయం. అడగనీ, చెబుతాను.

అయినా బాబాయ్‌నే అడిగాను, లోపల కూర్చుంటావా అని.

"ఆ కంప్యూటర్లో కాయ వాసన వస్తుందా అబ్బాయ్?"

"రాదు."

"మరి నాకెందుకు?"

తేలనిది ఒక్కటే. మోకాళ్లు అరిగిపోయిన హమాలీ ఒకాయన టిక్కీ ఎత్తేటప్పుడు పళ్లు బిగబట్టడం రోజూ చూస్తున్నాను. గోతాలు కుట్టే పనికి మారిస్తే బాగుండు. కానీ ఆయన నా మనిషి కాదు, హమాలీల ముఠా మనిషి. ఎవరికి ఏ పనో మేస్త్రి చెప్పాలి. సాయంత్రం కదిలిస్తే, "సీజన్ అవనీయండి, చూద్దాం" అన్నాడు. సీజన్ అయ్యేదాకా ఆ మోకాళ్లు ఆగవు. రేపు పొద్దున కాటాలు మొదలయ్యే లోపు మళ్లీ అడగాలి.