కొర్రబయలులో రెండు రాత్రులు: చలి కింద నుంచి వస్తుంది

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయిన మనిషి తెల్లారేసరికి కర్రలా కొయ్యబారిపోతాడని ఆ పేరుకు అక్కడివాళ్లు అర్థం చెబుతారు. సంక్రాంతికి ముందు వారం ఇద్దరు పెద్దవాళ్లం, తొమ్మిదేళ్లు, ఐదేళ్లు ఉన్న పిల్లలతో అక్కడ రెండు రాత్రులు టెంట్‌లో పడుకున్నాం. మొదటి రాత్రి వణికాం. రెండో రాత్రి ఒళ్లెరగని నిద్ర పట్టింది. రెండు రాత్రులూ బయట చలి ఒక్కటే, తెల్లవారుజామున మా థర్మామీటర్‌లో 6, 7 డిగ్రీలు. కప్పుకున్నవీ దాదాపు అవే. మారింది ముఖ్యంగా ఒంటి కింద పరిచింది.

విశాఖ నుంచి అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా దారి. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సుమారు 1000 మీటర్ల ఎత్తున లంబసింగి. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే గాలి ఆరు డిగ్రీల దాకా చల్లబడుతుంది. అయినా విశాఖలో 18 ఉందంటే లంబసింగిలో 12 ఉంటుందని లెక్క కడితే దెబ్బతింటాం. మబ్బులేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది, చల్లబడిన బరువు గాలి కొండవాలు వెంట జారి లోయలో చేరుతుంది. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదయ్యే కనిష్ఠ ఉష్ణోగ్రతలు చలికాలంలో పత్రికల్లో వస్తుంటాయి. బయలుదేరే ముందు నాలుగైదు రోజులవి చూసుకుని, వాటిలో అన్నిటికన్నా తక్కువ అంకెకు ఇంకో మూడు డిగ్రీలు తగ్గించి సామాను సర్దుకోవడం మా పద్ధతి.

మధ్యాహ్నం మూడింటికల్లా చోటు చూసుకోవాలి. చీకటి పడ్డాక ఏ చోటైనా ఒకేలా కనిపిస్తుంది. తాజంగి జలాశయం ఒడ్డు పగలు చూడ్డానికి ఎంతో బాగుంటుంది, పిల్లలు అక్కడే వేద్దామంటారు. కానీ రాత్రి చల్లగాలి, తేమ రెండూ దిగేది ఆ పల్లానికే. చెరువులవేనం కొండ మీద నిలబడి పొద్దున్నే మనం కిందికి చూసి మురిసిపోయే తెల్లటి మంచు సముద్రం ఉంది చూశారా, ఆ మంచు ఎక్కడ నిండి ఉంటుందో అక్కడ టెంట్ వేయకూడదు. వాలు మీద పదిహేను, ఇరవై మీటర్లు పైకి జరిగినా తేడా తెలుస్తుంది. మేము ఒక కాఫీ తోట అంచున, తోట యజమానిని అడిగి, సిల్వర్ ఓక్ చెట్ల కింద వేశాం. చెట్ల నీడ పగలు ఎండను ఆపినట్టే రాత్రి నేల వేడి ఆకాశానికి పోకుండా కొంత ఆపుతుంది, టెంట్ మీద మంచు కూడా తక్కువ పడుతుంది. పైన ఎండుకొమ్మలు వేలాడుతున్నాయేమో తలెత్తి చూసుకోవాలి. తలుపు గాలికి ఎదురుగా కాకుండా, వీలైతే తూర్పుకు పెట్టుకుంటే తొలి ఎండ లోపలికే వస్తుంది.

ఇక మొదటి రాత్రి సంగతి. అద్దె టెంట్‌తో పాటు గాలి పరుపు ఇచ్చారు, ఆరంగుళాల ఎత్తుది. ఎత్తుగా, మెత్తగా ఉంది కదా అని ఇంటి నుంచి తెచ్చిన ఫోమ్ మ్యాట్లు కారులోనే వదిలేశాం. రాత్రి ఒంటిగంటకు నడుము కింద చన్నీళ్లు పోసినట్టయింది. గాలి నిశ్చలంగా, చిన్న చిన్న గదుల్లో చిక్కుకుని ఉంటేనే వేడిని ఆపుతుంది. స్వెట్టర్‌లోనూ, ఫోమ్‌లోనూ జరిగేది అదే. గాలి పరుపులో పెద్ద పెద్ద గొట్టాల్లాంటి ఖాళీలుంటాయి. ఒంటి వేడికి పైనున్న గాలి వెచ్చబడుతుంది, మనం కదిలినప్పుడల్లా అది కిందికి పోయి చల్లటి గాలితో కలుస్తుంది. నేల చలి పైకి, మన వేడి నేలకు, రాత్రంతా ఇదే బదిలీ. స్లీపింగ్ బ్యాగ్ మందంగా ఉన్నా ఇక్కడ పనికిరాదు. ఒంటి బరువుకు దాని కింది సగం అప్పడంలా అణిగిపోతుంది, అణిగిన దూదిలో గాలి ఉండదు, గాలి లేనిచోట వెచ్చదనం ఉండదు. పైన ఎన్ని రగ్గులు వేసినా కింది చలి తగ్గకపోవడానికి కారణం ఇది. పిల్లలు మా ఒంటిమీదికి ఎక్కి పడుకున్నారు కాబట్టి వాళ్లకు కాస్త నయమైంది.

రెండో రోజు పొద్దున్న దగ్గర్లోని రైతు దగ్గర రెండు మోపుల వరిగడ్డి తీసుకున్నాం. కోతలైపోయి గడ్డి పొడిగా దొరికే కాలం. టెంట్ నేల ఆరడుగులు, ఎనిమిదడుగులు. ముందు రాళ్లు, పుల్లలు ఏరి, నేల మీద టార్పాలిన్ పరిచాం. అది లేకపోతే గడ్డి నేల తేమను పీల్చుకుంటుంది. టార్పాలిన్ అంచులు టెంట్ బయటికి రాకుండా లోపలికి మడవాలి. బయటికి వస్తే టెంట్ మీద నుంచి కారిన మంచునీళ్లన్నీ దాని మీద చేరి మన కిందికే వస్తాయి. టార్పాలిన్ మీద గడ్డిని దులిపి, జెర్రులూ తేళ్లూ లేవని కర్రతో కెలికి చూసి, అయిదారంగుళాల మందాన పరిచాం. పడుకునేసరికి అది రెండంగుళాలకు అణుగుతుంది, అది చాలు. దాని మీద టెంట్. టెంట్ లోపల, ఇళ్లలో పిల్లల గదుల్లో ఒకదానికొకటి అతికించి పరిచే ఫోమ్ పలకలు, రెండడుగుల చదరాలవి, పన్నెండు పరిస్తే గోడ నుంచి గోడకు సరిపోయాయి. వాటిమీద పాత చీరలతో కుట్టిన రెండు బొంతలు. గాలి పరుపు వాడాలనే ఉంటే వాడొచ్చు, కానీ ఫోమ్ దాని మీద ఉండాలి, ఒంటికీ పరుపుకీ మధ్యన. ఫోమ్ కింద, పరుపు పైన వేస్తే పరుపులోని చల్లటి గాలి ఒంటికే తగులుతుంది.

కొత్తగా మ్యాట్ కొనేవాళ్లు దాని ఆర్ విలువ అడగాలి. అది వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె. లంబసింగి చలికి 3 దాకా ఉంటే నిశ్చింత. రెండు మ్యాట్లు ఒకదానిమీద ఒకటి వేస్తే ఆ అంకెలు కూడతాయి, కాబట్టి ఖరీదైనది ఒకటి కొనేకన్నా చవకైనవి రెండు వేసుకోవచ్చు. వెండి రంగు రేకు దుప్పటిని కింద పరిస్తే వెచ్చగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది ఎదురుగా ఖాళీ ఉన్నప్పుడు వేడిని తిప్పికొడుతుంది, ఒంటికీ నేలకీ మధ్య నలిగినప్పుడు ఆ పని చేయదు. తేమ రాకుండా ఆపడానికి మాత్రం పనికొస్తుంది.

పైన కప్పుకునేదాని గురించి తక్కువ చెప్పినా చాలు. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు మూడు అంకెలుంటాయి. హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత ఒకటి, ముడుచుకుని ఎలాగో నెట్టుకొచ్చేది ఒకటి, ప్రాణం నిలిచేది ఒకటి. ఎప్పుడూ మొదటిదాన్ని చూసే కొనాలి. పిల్లలకు పెద్దవాళ్ల బ్యాగ్ ఇస్తే కాళ్ల దగ్గర మూడడుగుల ఖాళీ మిగులుతుంది, ఆ గాలిని కూడా ఆ చిన్న ఒళ్లే వేడిచేయాలి. కింది భాగాన్ని వెనక్కి మడిచి తాడుతో కట్టేశాం. బ్యాగ్‌ల మీద అడ్డంగా తెలంగాణ నుంచి తెచ్చిన గొంగడి ఒకటి. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే గొంగడి ఒంటికి గుచ్చుకుంటుంది కానీ బ్యాగ్ మీద వేస్తే ఆ బాధ ఉండదు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. పొగమంచులో దూది రజాయి బరువెక్కి చల్లబడుతుంది, గొంగడి అలా మోసం చేయదు. నాలుగేళ్ల క్రితం సామాను తగ్గించాలని దాన్ని ఇంట్లో వదిలి వెళ్లిన తప్పు మళ్లీ చేయలేదు. పిల్లలు మధ్యలో, పెద్దవాళ్లు చెరో అంచున. నలుగురికి నలుగురు పట్టే టెంటే చాలు, ఎనిమిది మంది టెంట్‌లో నలుగురు పడుకుంటే ఖాళీ అంతా చలే.

బట్టల విషయంలో సమయం ముఖ్యం. చీకటి పడేముందు, ఒళ్లు ఇంకా వెచ్చగా ఉండగానే, లోదుస్తులతో సహా అన్నీ మార్చేయాలి. పగలు పరుగెత్తిన పిల్లల బనియన్ చేతికి పొడిగానే అనిపిస్తుంది, చెమట ఉప్పుతో కలిసి రాత్రి చల్లగా అంటుకుంటుంది. జీన్స్‌తో పడుకోవద్దు. సాక్సులు పొడివి ఒక్క జతే, వదులుగా. రెండు జతలు బిగించి తొడిగితే రక్తం సరిగా ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. తలకు మంకీ క్యాప్, ముక్కూ నోరూ బయటికి. పిల్లలు తల లోపలికి దూర్చి ముసుగు తన్నుతారు, ఊపిరిలోని తేమంతా బ్యాగ్‌లోకే పోయి తెల్లారేసరికి లోపల తడుస్తుంది. పిల్లలకు చలేస్తోందో లేదో చేతులు పట్టుకుని తేల్చకూడదు, మెడ వెనక వేలు పెట్టి చూడాలి. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే సరిపోయినట్టు. చెమట పట్టి ఉంటే ఒక పొర తీసేయాలి. ఏడాది లోపు పసిబిడ్డ ఉంటే టెంట్ వద్దు, గది తీసుకోవాలి. అంత చిన్నవాళ్లను దుప్పట్ల మధ్య పడుకోబెట్టడం ప్రమాదం.

పడుకునే ముందు నీళ్లు కాచి రెండు స్టీలు సీసాల్లో పోశాం. ఫ్లాస్కులు కాదు, మామూలు ఒకే పొర సీసాలు. ఫ్లాస్కు వేడిని తనలోనే దాచుకుంటుంది, మనకు ఇవ్వదు. మూత బిగించి తలకిందులు చేసి కారడం లేదని చూసి, మందపాటి సాక్సులో దూర్చి, నిద్రకు పావుగంట ముందే బ్యాగ్‌లో పాదాల దగ్గర పెట్టాలి. పిల్లలవి మాత్రం వాళ్లు పడుకునేముందు తీసేశాం, ముందే వెచ్చబడిన బ్యాగ్ వాళ్లకు చాలు. గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి: చిన్న గ్యాస్ డబ్బాల్లో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది, వాడేకొద్దీ డబ్బా తనంతట తాను చల్లబడుతుంది కాబట్టి ఏడెనిమిది డిగ్రీల్లోనే మంట నీరసిస్తుంది. డబ్బాను మంట దగ్గర పెట్టొద్దు, సాయంత్రం నుంచి జాకెట్ లోపల పెట్టుకుంటే చాలు. భోజనం ఆలస్యం చేయకుండా నెయ్యి పడేలా తినిపించి, పడుకోబోయే ముందు తలా ఒక వేరుశనగ పట్టీ. ఒంట్లో కాలడానికి ఏదో ఒకటి ఉండాలి. మందు తాగితే వెచ్చగా అనిపిస్తుంది కానీ చర్మం కింది రక్తనాళాలు వ్యాకోచించి లోపలి వేడి బయటికి పోతుంది, పిల్లలున్న టెంట్‌లో అది అసలే వద్దు.

చలిమంట టెంట్‌కు, గడ్డికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, గాలి నిప్పురవ్వల్ని టెంట్ వైపు తేని దిక్కున ఉండాలి. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కుంపటి, నిప్పుల బకెట్టు, గ్యాస్ స్టవ్వు, ఏదీ పడుకునే టెంట్‌లోకి రాకూడదు. బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, ఊపిరి ఆడటం లేదని కూడా అనిపించదు. తలనొప్పి, వాంతి, మగత వస్తాయి, నిద్రలో ఉన్నవాళ్లకు అవీ తెలియవు, లేవరు. జిప్పు కొంచెం తెరిచి పెట్టామన్నది రక్షణ కాదు. ఇంజన్ నడుపుతూ, హీటర్ వేసుకుని కారులో పడుకోవడమూ ఇంతే ప్రమాదం. ఎంత చలేసినా నిప్పు బయటే.

టెంట్ మొత్తం మూసేస్తే వెచ్చగా ఉంటుందనుకోవడం మరో పొరపాటు. నలుగురి ఊపిరి రాత్రంతా ఆవిరిగా పైకెళ్లి చల్లటి గుడ్డకు తగిలి నీళ్లవుతుంది, తెల్లవారుజామున చుక్కలుగా ముఖం మీద పడుతుంది. పైన ఉండే గాలికంత రెండు వైపులా తెరిచే ఉంచాం, తలుపు పైభాగం నాలుగు వేళ్లంత. లోపలి గుడ్డ, పైకప్పు గుడ్డ ఎక్కడా ఒకదానికొకటి తగలకూడదు. నైలాన్ తడిస్తే సాగుతుంది, సాయంత్రం బిగించిన తాళ్లు పదింటికి వదులై పైగుడ్డ కిందికి జారుతుంది. అందుకే పడుకునే ముందు టార్చి తీసుకుని ఒక చుట్టు తిరిగి అన్ని తాళ్లూ మళ్లీ బిగించాం. ఆ చుట్టుతో పాటే అందరూ ఒంటేలుకు వెళ్లి రావడం, చెప్పులు లోపల తలుపు పక్కన పెట్టడం కూడా అయిపోయింది. చలికి ఒంటేలు ఎక్కువ వస్తుంది, అర్ధరాత్రి చెప్పులు వెతుక్కోవడంలోనే వెచ్చదనం సగం పోతుంది.

ఆ రాత్రి మూడింటికి బయట 6 డిగ్రీలు, లోపల 9. చిన్నవాడు బొంత మీద నుంచి జరిగి గోడవైపు వెళ్లాడు, అక్కడా ఫోమ్ పలక ఉంది కాబట్టి నిద్ర చెడలేదు. పొద్దున్న తొమ్మిదికి ఎండ వచ్చాక బ్యాగ్‌లన్నీ లోపలి వైపు తిప్పి తాళ్లమీద వేశాం. పొడిగా కనిపించినా ఒక్కో బ్యాగ్‌లో ఒక రాత్రి చెమట, ఆవిరి ఉంటాయి. అలాగే చుట్టేసి తీసుకెళ్తే తర్వాతి రాత్రికి చల్లబడతాయి, ఇంటికి వెళ్లేసరికి ముక్కవాసన పట్టుకుంటుంది. పదకొండుకు అన్నీ ఆరాయి. గడ్డిని మోపులుగా కట్టి రైతుకు తిరిగిచ్చాం. రాత్రంతా మేము పడుకున్న గడ్డినే ఆయన ఆవులకు వేశాడు.