ఎనిమిదింటిలో ఒక్కటే మాట విన్నది

"అక్కా, దీంట్ల 16 వచ్చింది. మిగతా ఏడింట్ల ఇంకా 30 ఏ ఉన్నది."

శనివారం దాటి ఆదివారం తెల్లవారుజాము, రెండుంబావు. సర్వర్లలో మార్పులు చేసుకోవడానికి మాకిచ్చిన సమయం, అంటే ఛేంజ్ విండో, నాలుగింటికి మూసేస్తారు. మా టీమ్‌లో కొత్తగా చేరిన కరీంనగర్ అబ్బాయి ఫోన్‌లో ఈ మాట అనేసరికి నా నిద్రమత్తు మొత్తం దిగిపోయింది. సర్వర్ ఒక డిస్కుకి ఒకేసారి పంపే ఆదేశాల పరిమితిని 30 నుంచి 16కి దించడం ఆ రాత్రి పని. ఏం మార్చాలో వరసగా రాసిచ్చింది నేనే. వారం ముందు ఒక సర్వర్ మీద చేసి చూసి, భేషుగ్గా ఉందని మిగతా ఏడింటికీ పచ్చజెండా ఊపిందీ నేనే.

సంగతి మొదట్నుంచి చెప్తాను. మా డేటాబేస్ సర్వర్లు ఎనిమిది. ఒక్కోదాంట్లో సర్వర్‌ని స్టోరేజ్‌తో కలిపే కార్డు, రెండు పోర్టుల ఎమ్యులెక్స్ ఫైబర్ ఛానెల్ కార్డు ఉంటుంది. అడిగితే లైనక్స్ దాన్ని "సాటర్న్-ఎక్స్, లైట్‌పల్స్" అని పరిచయం చేస్తుంది. ఎమ్యులెక్స్ కంపెనీ 2015లోనే అవాగో చేతికి పోయింది, ఆ అవాగో మరుసటేడు బ్రాడ్‌కామ్ అయింది. అయినా కార్డుతో మాట్లాడే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, పేరు మాత్రం పాత ఇంటిపేరుతోనే ఉండిపోయింది: ఎల్‌పీఎఫ్‌సీ, లైట్‌పల్స్ ఫైబర్ ఛానెల్‌కి పొట్టిపేరు. కార్డుకి అవతల స్టోరేజ్ పెట్టె. అందులోంచి ఒక్కో సర్వర్‌కి 16 లన్‌లు, అంటే పెట్టె కోసి ఇచ్చిన డిస్కు ముక్కలు. ఒక్కో లన్‌కి నాలుగు దారులు కాబట్టి సర్వర్ కంటికి అవి 64 డిస్కులు, ఎస్‌డీఏ నుంచి ఎస్‌డీబీఎల్ దాకా.

రాత్రి 11 దాటి బ్యాకప్‌లూ రిపోర్టులూ ఒకేసారి మొదలవగానే స్టోరేజ్ వాళ్ల గ్రాఫ్‌లో, ఇక ఆదేశాలు పట్టవని చెప్పే "క్యూ ఫుల్" గీత కొండెక్కుతోంది. మా వైపు చూస్తే డిస్కు జవాబు చెప్పే సమయం పెరిగిపోతోంది. స్టోరేజ్ ఆయన రోజూ ఆ బొమ్మ పంపి కింద ఒక ప్రశ్నార్థకం పెట్టేవాడు. అంతకుమించి ఒక్క ముక్క రాసేవాడు కాదు.

తెనాలి దగ్గర మా ఊళ్లో పెళ్లి భోజనాలు మా బాబాయి చేతిలో ఉండేవి. పందిట్లో బంతికి ఎన్ని విస్తళ్లు వెయ్యాలో ఆయనే చెప్పాలి. ఏ వీధివాళ్లకి ఆ వీధివాళ్లు "మాకో ముప్పై వెయ్యండి" అని వచ్చేవాళ్లు. అందరి మాటా వింటే పందిరి పట్టదు, వడ్డించేవాడికి నడవడానికి చోటుండదు. క్యూ డెప్త్ సరిగ్గా అదే. ఒక లన్‌కి ఒక దారిలో, జవాబు రాకముందే వరసగా ఎన్ని ఆదేశాలు పంపొచ్చో ఆ అంకె. మా కెర్నల్‌లో, అంటే లైనక్స్ గుండెకాయలో, ఎల్‌పీఎఫ్‌సీ దాన్ని 30 అనుకుంటుంది. తర్వాతి వాటిలో 64 చేశారు. మా పెట్టె ఒక్కో పోర్టు ఒకేసారి 2048 దాకా పట్టుకోగలదు. 8 సర్వర్లు, 16 లన్‌లు, 30 చొప్పున: 3840. రోజంతా అందరూ ఒకేసారి కూర్చోరు కాబట్టి గడిచిపోతోంది. రాత్రి 11కి మాత్రం అందరికీ ఒకేసారి ఆకలేస్తుంది. 30 బదులు 16 అంటే సరిగ్గా 2048. లెక్క మరీ అంత గుండ్రంగా వస్తే నాకు అనుమానమే గానీ, ఈసారి అది నిజంగానే అంతే.

మార్చడం కష్టమేం కాదు. సెట్టింగులుండే ఎట్సీలో మోడ్‌ప్రోబ్.డి అనే డైరెక్టరీ ఉంటుంది. అందులో .కాన్ఫ్ తోకతో ఒక ఫైలు, ఫైల్లో ఒక్క లైను. ముందు ఆప్షన్స్ అనే మాట, తర్వాత డ్రైవర్ పేరు ఎల్‌పీఎఫ్‌సీ, ఆ తర్వాత ఎల్‌పీఎఫ్‌సీ, లన్, క్యూ, డెప్త్ అన్నీ అండర్‌స్కోర్లతో కలిపి, ఈక్వల్ టు 16. డ్రైవర్ పేరు రెండుసార్లు వస్తుంది. రెండోది వదిలేసినవాళ్లని చాలామందిని చూశాను, అందులో నేనూ ఉన్నాను. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ ఆరో వెర్షన్ కాలంలో ఇలా ఒక అక్షరం తప్పు రాస్తే డ్రైవర్ అసలు లోడయ్యేదే కాదు. అప్పట్లో రూట్ డిస్కు, అంటే ఓఎస్ ఉండే డిస్కు, కూడా స్టోరేజ్ మీదే ఉన్న ఒక మెషీన్‌ని ఆ ఒక్క అక్షరంతో పడుకోబెట్టి, పొద్దున్న ఏడింటిదాకా దాని పక్కనే కూర్చున్నాను. కొత్త కెర్నల్స్ మర్యాదస్తులు. తెలియని పేరు వస్తే లాగ్‌లో ఒక వాక్యం రాసి పక్కన పడేస్తాయి. అదీ ప్రమాదమే, పని జరగలేదన్న సంగతి ఎవరూ చెప్పరు.

కాబట్టి రెండుంబావుకి నా మొదటి అనుమానం అక్షరదోషం.

"ఫైలు చదువు నాన్నా, ఒక్కో అక్షరం."

చదివాడు. తప్పు లేదు. ఎనిమిదింట్లోనూ అదే ఫైలు, ఫైలు వేలిముద్రలాంటి చెక్‌సమ్ కూడా ఒకటే. లాగ్‌లో డ్రైవర్ గొణుగుడేమీ లేదు. అయినా కెర్నల్ ఇప్పుడు వాడుతున్న అంకెలు చూపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో, కార్డుకి సంబంధించిన ఎస్‌సీఎస్‌ఐ హోస్ట్ కింద చూస్తే ఏడింట్లో 30.

"ఇంకోసారి రీబూట్ కొడదమా అక్కా?"

వద్దన్నాను. ఈ సర్వర్లు మెమరీ లెక్కపెట్టుకుని, కార్డు బయోస్ దండకం చదివి లేచేసరికి పది నిమిషాలు. కారణం తెలియకుండా రీబూట్ చేస్తే పది నిమిషాల తర్వాత కూడా కారణం తెలియదు.

మాట విన్న ఆ ఒక్కదానికీ మిగతావాటికీ తేడా ఏంటని రెండు తెరలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. కెర్నల్ ఒకటే, డ్రైవర్ వెర్షన్ ఒకటే. బూట్ డైరెక్టరీలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు తేదీ చూశాక గాని బల్బు వెలగలేదు. ఆ సర్వర్‌లో ఓఎస్ వేసినప్పుడు ఎమ్యులెక్స్ కార్డు లేదు. సొంత డిస్కు మీదే చాన్నాళ్లు నడిచింది. కార్డు తర్వాత పెట్టాం, పెట్టాక కెర్నల్ అప్‌డేట్ చెయ్యలేదు.

పాతకాలంలో ఊరు ప్రయాణమైతే దారిబత్తెం కట్టుకునేవాళ్లు కదా, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కెర్నల్‌కి అలాంటి మూట. రూట్ డిస్కు దొరికి ఇంటికి చేరేదాకా అది ఆ మూటలో ఉన్నదే తింటుంది. మూట కట్టేది డ్రాకట్ అనే ప్రోగ్రాం. కట్టే రోజున మెషీన్‌లో ఏ హార్డ్‌వేర్ ఉందో చూసి, దానికి కావాల్సిన డ్రైవర్లనీ, మోడ్‌ప్రోబ్.డిలో ఆ రోజు ఉన్న ఫైళ్లనీ సర్దిపెడుతుంది. మా ఏడు సర్వర్లలో కార్డు మొదట్నుంచీ ఉంది, కాబట్టి ఎల్‌పీఎఫ్‌సీ మూటలోనే ఉంది. డ్రైవర్ దారిలోనే లేస్తుంది, మూటలోని పాత కాగితం చదువుకుంటుంది. నేను వంటింట్లో అతికించిన కొత్త కాగితం దానికి కనపడనే కనపడదు. ఇల్లు చేరేసరికి డ్రైవర్ అప్పటికే లోడైపోయింది, మళ్లీ అడగదు. ఎనిమిదో సర్వర్ మూటలో ఈ డ్రైవరే లేదు. ఇంటికొచ్చాకే లేచింది, ఎదురుగా ఉన్న కాగితం చదివింది.

నా ఖర్మకి, ప్రయోగం కోసం నేను ఎంచుకున్నది ఆ ఎనిమిదోదాన్నే. పని భారం తక్కువ, పడిపోయినా ఎవరూ అరవరు అని. తక్కువ ప్రమాదం ఉన్నదాన్ని ఎంచుకోవడంలో తప్పేం లేదు, మిగతావాటిలాంటిదేనా అని అడగకపోవడమే తప్పు.

మూటలో ఏముందో చూపించే ఎల్‌ఎస్‌ఇనిట్‌ఆర్‌డీ కమాండ్‌తో ఒక మూట విప్పించాను. డ్రైవర్ ఉంది, మా ఫైలు లేదు. తర్వాతంతా చకచకా అయిపోయింది. ముందు పాత మూటకి ఒక నకలు, పక్కన పెట్టుకోవడానికి. తర్వాత డ్రాకట్‌ని ఫోర్స్ ఆప్షన్‌తో నడిపి కొత్త మూట. ఉత్త ఫోర్స్ ఇస్తే ఇప్పుడు నడుస్తున్న కెర్నల్‌కి మాత్రమే కడుతుంది, అందుకని రీజెనరేట్ ఆల్ కూడా చేర్చాం. మళ్లీ విప్పి చూస్తే ఫైలు ఉంది.

ఏడింటినీ మళ్లీ రీబూట్ చేసే టైం లేదు. అక్కర్లేదు కూడా. ఒక్కో డిస్కుకీ సిస్‌ఎఫ్‌ఎస్‌లో క్యూ డెప్త్ అని ఒక చిన్న ఫైలుంటుంది. అందులో 16 రాస్తే ఆ క్షణం నుంచే అమల్లోకి వస్తుంది. 64 డిస్కులకీ ఒక లూప్.

"మరి ముందే గిట్ల చేస్తే అయిపోతుండె గదా అక్కా?"

అయిపోయేది, మళ్లీ రీబూట్ అయ్యేదాకా. లేదా ఒక దారి తెగిపోయి, ఆ డిస్కు పోయి మళ్లీ కొత్తగా వచ్చేదాకా. అప్పుడు డ్రైవర్ తన దగ్గరున్న 30 నే దానికి తగిలిస్తుంది. మూట మార్చాం కాబట్టి ఈ రాత్రికి లూప్ చాలు, తర్వాతి రీబూట్ సంగతి మూట చూసుకుంటుంది. అయినా నమ్మకానికి ఒక్క సర్వర్‌ని రీబూట్ చేయించాను. 3:25కి లేచింది.

"16 అక్కా."

సోమవారం రాత్రి 11 దాటాక స్టోరేజ్ ఆయన దగ్గర్నుంచి గ్రాఫ్ వచ్చింది. గీత నేలకి అతుక్కుని ఉంది, కింద ప్రశ్నార్థకం లేదు. మంగళవారం పొద్దున్నే డేటాబేస్ వాళ్ల మెయిల్: బ్యాకప్ పావుగంట ఆలస్యంగా ముగిసింది, ఏమైనా మార్చారా అని. ఇంకా జవాబు రాయలేదు.